పద్నాలుగు మందికే వేదిక

మా విశ్వవిద్యాలయంలో పరిశోధన జరుగుతున్నదని మాకు మొదటిసారి తెలిసింది ఢిల్లీ నుంచి వచ్చిన ఒక ఫారం వల్ల. ర్యాంకులిచ్చే సంస్థవారు పంపిన ఫారం అది. అందులో ముప్పై ఎనిమిదో గడిలో ఇలా అడిగారు: "సైన్సు, ఇంజనీరింగు విభాగాల విద్యార్థులు చేసిన విశిష్ట పరిశోధనలు ఎన్నింటిని గుర్తించారు? గుర్తించినవాటిలో ఎన్నింటిని అమలు చేశారు?" గుర్తింపుకు ఐదు మార్కులు, అమలుకు పది.

నేను పరిశోధనా ప్రోత్సాహక విభాగం సూపరింటెండెంటుని. ఆ విభాగం పెట్టి పదకొండేళ్ళయింది. ఈ పదకొండేళ్ళలో మేం ఎవరినీ నిరుత్సాహపరచలేదు. అలాగని గుర్తించిందీ లేదు. ఆ గడిలో సున్నా వెయ్యాల్సి వస్తుందని రిజిస్ట్రార్ గారికి విన్నవించుకున్నాను.

మా రిజిస్ట్రార్ ప్రొఫెసర్ దివ్వెల మృత్యుంజయరావు గారు ఫారాల విషయంలో ఘటికులు. కళ్ళద్దాలు పైకి తోసుకుని గడిని రెండుసార్లు చదివారు.

"గుర్తింపు వేరు, అమలు వేరు ఎందుకయ్యా? గుర్తించిన క్షణం నుంచే అమలైనట్టు ఒక నిబంధన రాసెయ్. పదిహేనూ ఒక్క దెబ్బకి వస్తయ్."

ఆ విధంగా విద్యార్థి పరిశోధనా ప్రతిభా పురస్కారమూ, దాని ఏడో నిబంధనా ఒకే పూట పుట్టాయి. ఏడో నిబంధన నా చేతులతోనే టైపు చేశాను కాబట్టి నాకు కంఠతా వచ్చు: "విశిష్టమని గుర్తించబడిన పరిశోధన యొక్క ఫలితము, గుర్తింపు ప్రకటించబడిన తేదీ నుండి విశ్వవిద్యాలయ ప్రాంగణమందు తక్షణమే అమలులోనికి వచ్చినట్లు భావించబడును."

నూట పన్నెండు పరిశోధనలు వచ్చాయి. ఇంతమంది ఇంత పని చేస్తున్నారని తెలిసి మేం కంగారుపడ్డాం. ఐదుగురు ప్రొఫెసర్లతో ఎంపిక సంఘం వేశారు. నేను సభ్య కార్యదర్శిని, అంటే టీలు చెప్పేవాణ్ణి.

సంఘానికి వచ్చిన చిక్కల్లా ఏడో నిబంధనతోనే. ఏది ఎంపిక చేసినా అది వెంటనే అమలులోకి వచ్చేస్తుంది. భౌతికశాస్త్రం కుర్రాడొకడు ఏదో నక్షత్రం ఆరిపోయే తీరు లెక్కగట్టాడు. దాన్ని అమలు చెయ్యడానికి ప్రాంగణంలో నక్షత్రం లేదని పక్కన పెట్టారు. రసాయనశాస్త్రం అమ్మాయి హాస్టల్ మంచినీళ్ళలో ఏమేం ఉన్నాయో కనిపెట్టింది. దాన్ని గుర్తిస్తే ఆ నీళ్ళను గుర్తించినట్టవుతుందని దాన్నీ పక్కన పెట్టారు. కంప్యూటర్ విద్యార్థి ఒకడు అధ్యాపకులు క్లాసుకి ఎన్నింటికి వచ్చి ఎన్నింటికి వెళుతున్నారో ముఖం చూసి చెప్పే యంత్రం చేశాడు. ఆ పరిశోధన మీద సంఘం ఏకాభిప్రాయానికి రావడానికి అర నిమిషం పట్టింది. అప్పటికి టీ కూడా రాలేదు.

చివరికి ఒకటి తేలింది. "చెక్క దూలాలపై నిలిచిన పాత వేదికల భారవహన సామర్థ్యం: ఒక క్షేత్ర అధ్యయనం." చేసింది ఎం.టెక్. సివిల్ విద్యార్థిని షేక్ మస్తాన్‌బీ. మా సంఘాల్లో సిద్ధాంత గ్రంథాన్ని పరిశీలించే పద్ధతి ఒకటుంది. ముందు శీర్షిక చదువుతారు. తర్వాత కృతజ్ఞతల పేజీ తీసి అందులో తమ పేరుందో లేదో చూసుకుంటారు. మస్తాన్‌బీ గైడు డాక్టర్ ఇంటూరి రత్తయ్య గారు ముందుచూపున్న మనిషి. ఆయన విద్యార్థులు ఎవరైనా సరే, విశ్వవిద్యాలయంలోని ప్రొఫెసర్లందరికీ కృతజ్ఞతలు చెప్పి తీరాలి. ఐదుగురి పేర్లూ ఉన్నాయి, డిగ్రీలతో సహా.

"పాత వేదికలట. ఎక్కడివో ఏమో. మన ప్రాంగణంలో అమలుకి ఇబ్బందేమీ ఉండదు" అన్నారు అధ్యక్షులు. ఐదుగురూ సంతకాలు పెట్టారు. అదే రోజు గుర్తింపు ప్రకటించి, ఢిల్లీ వారి పోర్టల్‌లో ఎక్కించేశాం. పదిహేను మార్కులు వచ్చినట్టు పచ్చరంగులో కనబడింది. రిజిస్ట్రార్ గారు నా భుజం తట్టారు. నాకు ఆ రోజంతా హాయిగా ఉంది.

ప్రదాన సభకి ఆహ్వాన పత్రికలు అచ్చయ్యాయి. వేదిక మీద నలభై ఒక్క మంది. ఇంతమంది ఎందుకని బయటివాళ్ళు అడుగుతుంటారు. మా దగ్గర ఒక ఏడాది పత్రికలో పేరు పడ్డవారిని మరుసటి ఏడాది తీసెయ్యడం మర్యాద కాదు. రిటైరైతే పేరుకి ముందు 'పూర్వ' అని చేరుతుంది, అంతేగాని పేరు పోదు. కొత్తవాళ్ళు ఎలాగూ వస్తుంటారు.

పత్రికలు పంచిన మర్నాడు మస్తాన్‌బీ మా ఆఫీసుకి వచ్చింది. పొడుగాటి పిల్ల, మెడలో ఐడీ కార్డు, చంకలో ఆ లావుపాటి గ్రంథం. వాళ్ళ నాన్న చీరాలలో సెంట్రింగ్ మేస్త్రి. శ్లాబు పోసేముందు కింద చెక్కలు, ఇనప జాకీలు నిలబెట్టే పని. కృతజ్ఞతల పేజీలో ఐదుగురు ప్రొఫెసర్ల తర్వాత ఆయన పేరూ ఉంది.

"సార్, కార్డు చూశానండీ. స్టేజీ మీద నలభై ఒక్క మంది అని ఉంది."

"నీ అదృష్టం తల్లీ. పోయినేడు స్నాతకోత్సవానికి గూడా ముప్పై ఆరే."

"అది గాదు సార్. నేను రాసింది ఆ స్టేజీ గురించే."

నాకు అర్థం కాలేదు. ఆమె గ్రంథం నా బల్ల మీద పెట్టి నలభై మూడో పేజీ తీసింది. అందులో ఒక ఫొటో ఉంది. మా పాత ఆడిటోరియం వేదిక కింది దూలం. దానిలోకి ఒక పెన్ను గుచ్చి ఉంది. పెన్ను క్యాపు దాకా దిగిపోయింది.

"చెదలు సార్. పైన కార్పెట్టు ఉంది గాబట్టి ఎవరికీ కనబళ్ళా. మొత్తం మీద వెయ్యి కిలోలు మోస్తది. అంటే పద్నాలుగు మంది. అది గూడా ప్లాస్టిక్ కుర్చీలేసుకుని కదలకుండా కూర్చుంటేనే."

"మరి ఈ మాట ముందే చెప్పొద్దా అమ్మా?"

"రాశాను గదా సార్. రెండొందల పేజీలూ అదే."

నాకు కోపం వచ్చింది. అవార్డు ఇస్తున్నాం, శాలువా కప్పుతున్నాం, పత్రికలో పేరు వేశాం. ఇంత చేస్తుంటే వచ్చి చెదలంటుంది. ఆ పిల్ల మాత్రం అవార్డు మాటే ఎత్తలేదు. పత్రిక అడుగున ఉన్న పన్నెండో అంశం మీద వేలు పెట్టింది.

"సభ అయిపోయినాక మా హాస్టల్ ఫస్టియర్ పిల్లలు అరవై మంది స్టేజీ మీద కోలాటం ఏస్తారంట గదా సార్. కూర్చోటం వేరు, ఎగరటం వేరు. ఎగిరితే రెట్టింపు పైనే పడుద్ది బరువు. అరవై మందీ ఒక్కసారే కాలేస్తారు. వాళ్ళని ఆపండి సార్. నాకు వాళ్ళందరూ తెలుసు."

కింద జాకీలు నిలబెడితే ఆ ఒక్క రోజుకీ ఆగుతుందని, వాళ్ళ నాన్న పొద్దున్నే బండి మీద తెచ్చి తనే బిగించి వెళతానన్నాడని కూడా చెప్పింది. నేను నవ్వాను. వేదిక కింది గది పరీక్షల విభాగం వారిది. అందులో పాత జవాబు పత్రాలున్నాయి. వాటి మీద కోర్టు కేసు నడుస్తోంది కాబట్టి తలుపుకి లక్క సీలు. అసలు నువ్వు లోపలికి ఎలా వెళ్ళావని అడిగితే, పక్కనున్న గాలికిటికీలోంచి దూరానంది. ఆ మాట గ్రంథంలో రాయనందుకు మెచ్చుకున్నాను.

ఇద్దరం రిజిస్ట్రార్ గారి గదికి వెళ్ళాం. రత్తయ్య గారిని కూడా పిలిపించారు. విషయమంతా విని రిజిస్ట్రార్ గారు కుర్చీలో వెనక్కి వాలారు.

"నలభై ఒక్కరిలో ఏ ఒక్కరిని తగ్గించినా అది ప్రోటోకాల్ ఉల్లంఘన కిందకి వస్తుంది. పోనీ పురస్కారాన్నే రద్దు చేద్దామా?"

"పోర్టల్లో ఎక్కించాం సార్" అన్నాను. "వెనక్కి తీసుకుంటే పదిహేనూ పోతయ్. పైగా తప్పుడు సమాచారానికి ఇరవై కోస్తారు."

"అయితే రత్తయ్య గారూ, ఫలితంలో గణన దోషం ఉన్నదని తమరొక ముక్క రాసివ్వండి."

రత్తయ్య గారు ఆ గ్రంథాన్ని చేతిలోకి తీసుకుని చూశారు. ఆయన దాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారని నా అనుమానం. "ఐదుగురు ప్రొఫెసర్లు విశిష్టం అని సంతకాలు చేసినాక, అది తప్పని నేనెట్టా రాస్తానండీ? వాళ్ళ ముఖం ఎట్టా చూడమంటారు?"

విశిష్టం కాబట్టి తప్పు కావడానికి వీల్లేదు. తప్పు కాదు కాబట్టి ఏడో నిబంధన ప్రకారం అమల్లో ఉంది. అమల్లో ఉంది కాబట్టి వేదిక మీద పద్నాలుగు మందే ఎక్కాలి. రిజిస్ట్రార్ గారు హఠాత్తుగా ముందుకి వంగారు.

"అమ్మాయ్, నువ్వు లెక్క వేసింది మనుషులనా, బరువునా?"

"బరువే సార్. వెయ్యి కిలోలు."

"అదీ సంగతి. తలలతో పనిలేదు. నలభై ఒక్కరూ కలిసి వెయ్యి కిలోలకు మించకుండా ఉంటే సరి."

"సార్, అంటే ఒక్కొక్కరు పాతిక కిలోలు గూడా ఉండగూడదు" అంది మస్తాన్‌బీ. ఆయన అప్పటికే నాకు సర్క్యులర్ చెప్పడం మొదలుపెట్టారు.

వేదికను అలంకరించబోయే పెద్దలందరూ తమ శరీర భారాన్ని సీల్డు కవరులో మూడు రోజుల్లోగా సమర్పించాలని కోరాం. కవర్లు తెరిచే పని నాది. అంత తేలికైన మనుషులతో ఇన్నేళ్ళుగా పనిచేస్తున్నానని నాకు తెలియదు. సైన్సు డీన్ గారు ముప్పై ఎనిమిది కిలోలు. ఇంజనీరింగు డీన్ గారు ముప్పై ఏడు, అది కూడా సైన్సు డీన్ గారి కవరు చూసి వచ్చాక. ఒక పూర్వ ఉపకులపతి గారు పదవిలో ఉన్నప్పటి బరువు ఒకటి, ఇప్పటిది ఒకటి రాసి, వీటిలో ఏది తక్కువైతే అది తీసుకోమన్నారు. ఇద్దరు ప్రిన్సిపాళ్ళు నడుము పైభాగం మాత్రమే ప్రకటించారు. కాళ్ళు మెట్ల మీద పెట్టుకుంటారట.

భౌతికశాస్త్ర శాఖాధిపతి గారు మాత్రం ఆరువందల ఎనభై ఆరు అని రాశారు. ఆయన్ని ఎన్నోసార్లు దగ్గరనుంచి చూశాను, అంత అనిపించరు. అయినా స్వయంగా సంతకం పెట్టిన అంకెని కాదనడానికి నేనెవర్ని? ఆయన పేరు కొట్టేశాను. మర్నాడు ఆయన మండిపడుతూ వచ్చి, అది న్యూటన్లలో రాసిన అంకె అనీ, శాస్త్రం తెలిసినవాడు బరువుని కిలోల్లో చెప్పడనీ ముప్పావుగంట పాఠం చెప్పారు. శ్రద్ధగా విన్నాను. చివర్లో, ఫారంలో అలాంటి గడి లేదండీ అన్నాను. ఆ శాస్త్రం తెలిసినందుకు ఆయన మూడు రోజులు వేదికకి దూరమయ్యారు. తర్వాత సవరణ ఉత్తర్వు ఇచ్చి మళ్ళీ చేర్చుకున్నాం.

ఇంత చేసినా మొత్తం పంతొమ్మిది వందల నలభై తేలింది. సోఫాలు లెక్కలో లేవు. సోఫాలు తీసేసి ప్లాస్టిక్ కుర్చీలు వేయించమంది మస్తాన్‌బీ. ఆ మాట బయటికి పొక్కితే ఇద్దరు డీన్లు లిఫ్టులో మాటామాటా అనుకుని, లిఫ్టు మూడో అంతస్తులో ఆగినా దిగకుండా పోట్లాడుకున్నారు. ఒక్క సోఫా అయినా ఉంచితే ఆ మధ్య సోఫా ఎవరిదన్నది గొడవ.

ఆ పిల్ల రోజూ వచ్చేది. వచ్చినప్పుడల్లా ఒకటే మాట. చివరికి రిజిస్ట్రార్ గారు పిలిచి కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పారు.

"చూడమ్మా. నీ నివేదికలో 'పద్నాలుగు మంది వ్యక్తులు' అని రాశావు. ఆహ్వాన పత్రిక ప్రకారం వేదిక మీది వ్యక్తులు నలభై ఒక్కరు. వారి విషయమై నీ ఫలితాన్ని అమలుపరిచే ప్రక్రియ ముమ్మరంగా సాగుతున్నది. కోలాటం అనేది వ్యక్తుల జాబితాలో లేదు. అది అంశాల జాబితాలో ఉన్నది. పన్నెండో అంశం."

"అంశానికి గూడా కాళ్ళుంటయ్ గదా సార్. నూట ఇరవై కాళ్ళు."

"అంశాల బరువు విషయమై నిబంధనల్లో ఏమీ లేదు" అని ఆయన ఫైలు మూశారు.

ఇంతలో జరగకూడని పని ఒకటి జరిగింది. ఉపకులపతి గారు ఆ గ్రంథం చదివారు. తన బరువు అడిగినందుకు కోపమొచ్చి, అసలు ఆ పుస్తకంలో ఏముందో పంపమన్నారట. కృతజ్ఞతల పేజీ కోసం వెతుకుతుంటే నలభై మూడో పేజీ తెరుచుకుంది. పెన్ను దిగిన దూలాన్ని ఆయన చాలాసేపు చూశారని వారి ప్యూను చెప్పాడు.

ఆ సాయంత్రమే సర్క్యులర్ వచ్చింది: "విద్యార్థి లోకం పట్ల గౌరవ సూచకంగానూ, వినయ సంస్కృతిని పెంపొందించు దృష్ట్యానూ, మాన్య ఉపకులపతి గారు ఈ పర్యాయం వేదికను అధిష్ఠించక ప్రేక్షకుల మధ్య ఆసీనులు కావలెనని సంకల్పించినారు."

మర్నాటికి నలభై మూడో పేజీ జిరాక్సులు ప్రతి శాఖలోనూ తిరిగాయి. మధ్యాహ్నానికి వినయం నలభై ఒక్కరికీ పాకింది. మధ్య సోఫా నాకొద్దంటే నాకొద్దని ఇద్దరు డీన్లూ విడివిడిగా ఉత్తరాలు రాశారు. పూర్వ ఉపకులపతి గారు తను పుట్టుకతోనే నిరాడంబరుణ్ణని ఫోన్ చేసి చెప్పారు. న్యూటన్ల ఆయన సవరణ ఉత్తర్వుని రద్దు చెయ్యమని కోరారు. వేదిక ఖాళీ అయింది. ఏడో నిబంధన సంపూర్ణంగా అమలైంది.

"మరి అవార్డు ఎక్కడ ఇస్తారు సార్?" అని అడిగాను.

"పురస్కారము వేదికపై ప్రదానము చేయబడును అని అచ్చయింది కదా. అమ్మాయి వేదిక మీద ఉంటుంది. ఉపకులపతి గారు కిందినుంచి అందిస్తారు. నువ్వు పళ్ళెం పట్టుకుని పైన నిలబడు."

"నేనా సార్?"

"పద్నాలుగు మంది వరకు ఫరవాలేదు కదయ్యా. నువ్వు ఒక్కడివే."

"కోలాటం సార్?"

"పత్రిక అచ్చయింది" అన్నారాయన.

సభ శనివారం మూడు గంటలకి. ఆడిటోరియం నిండిపోయింది. కోలాటం పిల్లల తల్లిదండ్రులు కూడా చాలామంది వచ్చారు. ముందు రెండు వరసల్లో పెద్దలందరూ వినయంగా కూర్చున్నారు. వేదిక మీద ఒక మైకు, పక్కన నేను, నా చేతిలో శాలువా, జ్ఞాపిక, పూలదండ ఉన్న పళ్ళెం. సభ మొదలవకముందు తెల్ల చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన మెట్ల దాకా వచ్చి, వేదిక అంచుని చేత్తో తట్టి చూశాడు. మస్తాన్‌బీ వాళ్ళ నాన్న.

"సారూ, మధ్యలో నిలబడబాకండి. గోడవారగా ఉండండి" అన్నాడు మెల్లిగా.

గోడవారకి జరిగాను. జరుగుతున్నప్పుడు కార్పెట్టు కింద చెక్క నా కాలితో పాటు ఒక అంగుళం దిగి మళ్ళీ పైకి లేచింది. అప్పటిదాకా ఈ వ్యవహారమంతా నాకు కాగితాల మీదే ఉండింది. తెర పక్కన పచ్చ పరికిణీల్లో, చేతుల్లో కోలాటం కర్రలతో అరవై మంది పిల్లలు నిలబడి నవ్వుకుంటున్నారు. అరిచి చెప్పేద్దామా అనుకున్నాను. రిజిస్ట్రార్ గారు కిందినుంచి నా వైపే చూస్తున్నారు. అరవలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మస్తాన్‌బీని పిలిచారు. మెట్లెక్కి, నేరుగా మైకు దగ్గరకి వెళ్ళకుండా, గోడ పక్కగా నడిచి చుట్టూ తిరిగి వచ్చింది. మా సభల్లో సన్మానం పొందేవారు ముందు రెండు నిమిషాలు స్పందించడం ఆనవాయితీ. కృతజ్ఞతలు చెప్పుకుంటారు. ఉపకులపతి గారు శాలువా కోసం చేతులు చాపి సిద్ధంగా ఉన్నారు.

ఆమె చున్నీ కొంగు కింద దాచిన ఆహ్వాన పత్రిక బయటికి తీసింది.

"నేను చిన్నదాన్ని. ఇంతమంది పెద్దలు కింద కూర్చుంటే ఒక్కదాన్నే స్టేజీ మీద ఉండటం మర్యాద గాదు. గౌరవనీయులు, విశ్వవిద్యాలయ ఉపకులపతి వర్యులను వేదికను అలంకరించవలసిందిగా సవినయంగా ఆహ్వానిస్తున్నాను."

చప్పట్లు మోగాయి. ఉపకులపతి గారు చేతులు జోడించి నవ్వారు. లేవలేదు.

ఆమె కాసేపు ఆగింది. తర్వాత పత్రికలో రెండో పేరు చదివింది. "గౌరవనీయులు, రిజిస్ట్రార్ ప్రొఫెసర్ దివ్వెల మృత్యుంజయరావు గారిని వేదికను అలంకరించవలసిందిగా ఆహ్వానిస్తున్నాను." ఆయనా చేతులు జోడించారు. మూడో పేరు, సైన్సు డీన్. నాలుగోది, ఇంజనీరింగు డీన్. ఎవరి డిగ్రీలూ వదల్లేదు, ఎవరి పదవీ తగ్గించలేదు. ఒక్కొక్క పేరు చదివి, ఆ పెద్దమనిషి లేస్తారేమోనని నింపాదిగా ఎదురుచూసింది. భౌతికశాస్త్ర శాఖాధిపతి గారు మొహమాటంకొద్దీ సగం లేచారు. పక్కనున్న వాళ్ళావిడ కోటు పట్టుకుని కూర్చోబెట్టింది.

మొదట్లో పిల్లలు పేరుపేరుకీ చప్పట్లు కొట్టారు. పదో పేరుకి చప్పట్లు పలచబడ్డాయి. ఇరవయ్యో పేరుకి హాలంతా నిశ్శబ్దం. పిలిచినవాళ్ళు పిలిచినట్టు ఎందుకు కదలడంలేదో వెనక వరసల వాళ్ళకి కూడా అర్థమవుతోంది. నలభై ఒక్క పేర్లకి పదకొండు నిమిషాలు పట్టింది. పెద్దలందరూ తమ బూట్ల వంక చూసుకుంటున్నారు.

మస్తాన్‌బీ పత్రిక మడిచి, తెర వైపు తిరిగింది.

"చెల్లెళ్ళూ, పెద్దోళ్ళు ఒక్కరు గూడా ఎక్కలేదు. చూశారుగా. మీరు గూడా ఎక్కబాకండి. బయట గ్రౌండులో ఏద్దాం రండి."

అని మైకు స్టాండులో పెట్టి, మళ్ళీ గోడవారగానే దిగిపోయింది. ముందుగా లేచింది తల్లిదండ్రులు. ఒకావిడ తెర వెనక్కి వెళ్ళి కూతురి చెయ్యి పట్టుకుని లాక్కుని పోయింది. ఐదు నిమిషాల్లో హాలు ఖాళీ. కోలాటం వాలీబాల్ కోర్టులో జరిగింది, దుమ్ము లేచేట్టు ఆడారు. ఉపకులపతి గారు తాళానికి తగ్గట్టు తలాడించారు కూడా. ఆ గడబిడలో అవార్డు ఇవ్వడం అందరూ మరిచిపోయారు. నేను పళ్ళెంతో పాటు గోడకి అతుక్కుని మెట్ల దాకా వచ్చి దిగాను.

సోమవారం అత్యవసర సమావేశం పెట్టారు. తీర్మానం రిజిస్ట్రార్ గారే చెప్పారు, నేను రాసుకున్నాను.

"పద్నాలుగు మందికి మించినచో వేదిక ప్రమాదకరమని పరిశోధకురాలు ప్రతిపాదించినది. అయితే సభ ఆద్యంతమూ వేదికపై ఇద్దరే ఉండిరి. వేదిక కూలలేదు. కావున పరిశోధనా ఫలితము ప్రాంగణమందు నిరూపితము కాలేదు. నిరూపణ జరుగు పర్యంతము పురస్కారము నిలుపుదల చేయడమైనది. నిరూపణ నిమిత్తము నలభై ఒక్క మంది పేర్లతో జాబితా సిద్ధపరచవలెను. అంతవరకు వేదిక పరిశీలనలోనున్న ఆస్తిగా పరిగణించి తాళము వేయవలెను."

పోర్టల్లో పదిహేను మార్కులూ అలాగే ఉన్నాయి. వాటి జోలికి ఎవరూ పోలేదు.

నిరూపణకి వేదిక ఎక్కేవారి పేర్లు పంపమని అన్ని శాఖలకీ రాశాను. సివిల్ వాళ్ళు ఇది ప్రాణులకు సంబంధించిన విషయమని జంతుశాస్త్రానికి పంపారు. జంతుశాస్త్రం వాళ్ళు చెక్క కాబట్టి వృక్షశాస్త్రానికి పంపారు. ఒక్క పేరూ రాలేదు. తిరిగి తిరిగి ఫైలు నా బల్ల మీదకే వచ్చింది.

మూడు నెలల తర్వాత రిజిస్ట్రార్ గారు నన్ను పిలిచారు. కొత్త విద్యార్థుల స్వాగత సభ దగ్గరపడింది, హాలు కావాలి. పురస్కారం వద్దని ఆ అమ్మాయి చేత ఒక ఉత్తరం తీసుకుంటే ఫైలు మూసెయ్యవచ్చన్నారు. లేదా, ఫలితాన్ని 'సుమారు యాభై మంది' అని సవరించి ఇస్తే అవార్డూ ఇస్తాం, దానితో పాటు నేరుగా పీహెచ్‌డీ సీటూ ఇస్తామని చెప్పమన్నారు. ఆ సీటు కోసం ఆ పిల్ల రెండేళ్ళుగా చూస్తోందని నాకు తెలుసు.

కబురు చేస్తే చీరాల నుంచి బస్సులో వచ్చింది. అక్కడొక కాంట్రాక్టరు దగ్గర సైటు ఇంజనీరుగా చేరిందట. చెప్పులకి సిమెంటు అంటుకుని ఉంది. రెండు దారులూ చెప్పాను.

"ఫైలు మూస్తే ఏమవుద్ది సార్?"

"తాళం తీస్తారు. వచ్చే నెల సభ అక్కడే."

"మూయకపోతే?"

"నీకు అవార్డు రాదు, సీటూ రాదు. తాళమూ తియ్యరు."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు, అలాగే కూర్చుంది. నేను టీ తెప్పించాను. టీ తాగి లేచింది.

"అయితే మూయబాకండి సార్. అది మీ చేతిలో ఉంది గదా."

నా చేతిలో ఏదైనా ఉందని ఇన్నేళ్ళ సర్వీసులో నాతో ఎవరూ అనలేదు. ఆమె వెళ్ళిపోయాక ఫైలు ముందేసుకుని కూర్చున్నాను. ఉత్తరం ఇవ్వడానికి అభ్యర్థిని సుముఖంగా లేరని ఒక నోటు రాశాను. దాని కింద, జాబితా ఖరారయ్యే ముందు తేల్చవలసిన సందేహం ఒకటి ఉన్నదని మనవి చేసుకున్నాను: నిరూపణ నిమిత్తం వేదిక ఎక్కేవారు పాదరక్షలతో ఎక్కవలెనా, విడిచి ఎక్కవలెనా? రిజిస్ట్రార్ గారు రెండుసార్లు చదివి, ముఖ్యమైన ప్రశ్నేనన్నారు. న్యాయ సలహాదారు గారి అభిప్రాయానికి పంపమన్నారు.

స్వాగత సభ వాలీబాల్ కోర్టులో జరిగింది. న్యాయ సలహాదారు గారు ఫైలుని ఆరోగ్య కేంద్రానికి పంపారనీ, వాళ్ళు దాన్ని క్రీడా విభాగానికి పంపారనీ నిన్న తెలిసింది. నాకు చాలా సంతోషం వేసింది. చీరాలకి ఫోన్ చేసి ఆ మాట చెప్పాను.